పేగు రక్షణ, డయాక్సిన్, క్యాబేజీ: బ్రిగిట్టా స్టాకింగర్ పరిశోధన మీద చర్చ

ఎర్రదిబ్బలు (భీమిలి)

మన విశాఖలో కాలుష్యం మాట వస్తే సంభాషణ ఊపిరితిత్తుల దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. ఆయాసం, ఉబ్బసం, దగ్గు. పేగు గురించి ఎవరూ అడగరు. చాలా కాలం జంతుశాస్త్రం పాఠాలు చెప్పినవాడిని కనుక నాకు ఇది పెద్ద వెలితిగా అనిపిస్తుంది. మనం మింగే ప్రతి పదార్థమూ పేగు గోడను దాటాలి. ఆ గోడ లోపలి పొర మందం ఒకే ఒక్క కణం. నాలుగైదు రోజుల్లో ఆ కణాల్లో చాలా భాగం రాలిపోయి కొత్తవి వస్తాయి. వాటి మధ్యా, వాటి వెనుకా రోగనిరోధక కణాలు అపారంగా ఉంటాయి. ఆ కణాల పని చాలా సున్నితమైనది. అన్నం పప్పుల మీద దాడి చేయకూడదు, మనతో కలిసి బతికే సూక్ష్మజీవులను ఓర్చుకోవాలి, కలరా క్రిమి వస్తే మాత్రం ఊరుకోకూడదు.

ఈ రంగంలో ఒక శాస్త్రవేత్త చేసిన కృషిని ఇక్కడ పరిచయం చేయాలని ఎప్పటి నుంచో నా కోరిక. ఆమె పేరు బ్రిగిట్టా స్టాకింగర్. జర్మనీలోని మైంజ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేశారు. తర్వాత లండన్, కేంబ్రిడ్జ్, హైడెల్‌బర్గ్‌లలో పరిశోధన, స్విట్జర్లాండ్‌లోని బాసెల్ ఇమ్యునాలజీ సంస్థలో కొన్నేళ్లు. 1991లో లండన్ మిల్ హిల్‌లోని జాతీయ వైద్య పరిశోధన సంస్థకు వచ్చారు. ఆ సంస్థ తర్వాత ఫ్రాన్సిస్ క్రిక్ ఇన్‌స్టిట్యూట్‌లో కలిసిపోయింది. 2013లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు.

గమనించవలసింది ఏమిటంటే, కాలుష్యం మీద పని చేయాలని ఆమె బయలుదేరలేదు. రోగనిరోధక వ్యవస్థలో టి కణాలు అనే తెల్ల రక్తకణాలు ఎలా రూపుదిద్దుకుంటాయన్నదే ఆమె ప్రశ్న. 2006లో ఆమె బృందం టీహెచ్17 అనే రకం కణం తయారు కావడానికి ఏయే సంకేతాలు కావాలో చూపింది. ఆ కణాలు పేగును సూక్ష్మజీవుల నుంచి కాపాడతాయి, అదుపు తప్పితే సొంత శరీరాన్నే దెబ్బతీస్తాయి. వాటిలో ప్రత్యేకంగా ఏయే జన్యువులు పనిచేస్తున్నాయో వెతికినప్పుడు డయాక్సిన్ అనే కాలుష్య విషాన్ని పట్టుకునే గ్రాహకం, అంటే ఒక పదార్థం అతుక్కుంటే మేల్కొని కణానికి సంకేతం ఇచ్చే ప్రోటీన్, కనిపించింది. దాన్ని ఏహెచ్ఆర్ (ఆరిల్ హైడ్రోకార్బన్ రిసెప్టర్) అంటారు. 2008లో ‘నేచర్’ పత్రికలో ఆ పత్రం వచ్చింది. అక్కడి నుంచి ఆమె పరిశోధన పేగు వైపూ, మనం తినే తిండి వైపూ తిరిగింది.

తెలిసినవారు కలిపి చెప్పండి. తెలియనివారు నిస్సంకోచంగా అడగండి.

సంపెంగ (ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ)

నమస్కారం మాస్టారూ. నా సందేహం మొదటి మెట్టులోనే ఉంది. డయాక్సిన్ ఎక్కువగా మనుషుల పరిశ్రమల వల్ల పుట్టినది కదా. దాన్ని పట్టుకునే గ్రాహకం మన కణాల్లో ముందే ఎందుకు ఉంది? విషం కోసం తాళం ముందుగా తయారు చేసి పెట్టుకునే శరీరం ఉంటుందా?

రసాయనం (సీతమ్మధార)

సంపెంగ గారూ, మీరు అడిగినదే ఆ రంగాన్ని దాదాపు 30 ఏళ్లు వేధించిన ప్రశ్న.

కథ 1976 నుంచి చెబుతాను. ఆ ఏడాది అలన్ పోలండ్ బృందం ఎలుక కాలేయంలో డయాక్సిన్‌ను అతి గట్టిగా పట్టుకునే ఒక ప్రోటీన్ ఉందని చూపింది. అదే ఏడాది జులై 10న ఇటలీలోని సెవెసో దగ్గర రసాయన కర్మాగారంలో ప్రమాదం జరిగి డయాక్సిన్ మేఘం ఊళ్ల మీద పడింది. దానితో ప్రపంచం దృష్టి అంతా ఆ విషం మీదికి వెళ్లింది. గ్రాహకాన్ని కూడా విషశాస్త్రం వాళ్లే తమదిగా చూసుకున్నారు. 1992లో దాని జన్యువును వేరు చేశారు. 1995లో ఆ జన్యువు లేని ఎలుకలను పుట్టించారు. వాటి మీద డయాక్సిన్ దాదాపు పనిచేయలేదు. అయితే ఆ ఎలుకలు ఆరోగ్యంగా లేవు. కాలేయంలోనూ రోగనిరోధక వ్యవస్థలోనూ లోపాలతో పుట్టాయి. అంటే విషం ఊసే లేనప్పుడు కూడా ఆ గ్రాహకానికి తనదైన పని ఉంది.

ఇంకొక ఆధారం నులిపురుగుల నుంచి వచ్చింది. ప్రయోగశాలల్లో పెంచే సీ. ఎలిగాన్స్ అనే పురుగులోనూ ఈ ప్రోటీన్ ఉంది, కాని అక్కడ అది డయాక్సిన్‌కు అతుక్కోదు. కాబట్టి గ్రాహకం చాలా పాతది. డయాక్సిన్ నిన్న మొన్న వచ్చి దానిలో ఇరుక్కున్నది.

సంపెంగ

అయితే దాని అసలు పని ఏమిటి? దానికి సహజంగా అతుక్కునేవి ఏవి?

ఎర్రదిబ్బలు

అమ్మా, స్టాకింగర్ బృందం కృషిలో నాకు అత్యంత ఇష్టమైన భాగం ఇదే. కాస్త ఓపిగ్గా చదువు.

ప్రయోగశాలలో కణాలను పెంచే ద్రావణాలు రకరకాలుగా దొరుకుతాయి. ఒక రకం ద్రావణంలో టీహెచ్17 కణాలు బాగా తయారవుతున్నాయి, మరొక రకంలో సరిగా కావడం లేదు. చాలామంది అయితే బాగా పనిచేసే సీసాను ఎంచుకుని ముందుకు వెళ్లిపోయేవారు. వీళ్లు ఆగి ఎందుకని అడిగారు. కణాలు బాగా తయారైన ద్రావణంలో ట్రిప్టోఫాన్ అనే ఎమైనో ఆమ్లం ఎక్కువగా ఉంది. ట్రిప్టోఫాన్ మీద వెలుతురు పడితే దాని నుంచి ఏహెచ్ఆర్‌కు అతుక్కునే పదార్థాలు పుడతాయి. అంటే ద్రావణంలోనే గ్రాహకాన్ని మేల్కొలిపే పదార్థం ఎవరికీ తెలియకుండా చేరి ఉంది. 2009లో ఆ ఫలితాన్ని ప్రచురించారు. అప్పటికి ఎన్ని ప్రయోగశాలల్లో పరస్పరం పొసగని ఫలితాలు వచ్చి ఉంటాయో, వాటిలో ఎన్నింటికి కారణం ఒక సీసా అయి ఉంటుందో!

తర్వాత ప్రశ్న సహజంగానే శరీరం వైపు మళ్లింది. ట్రిప్టోఫాన్ మన పప్పుల్లో, పాలల్లో, గుడ్లలో ఉంది. పేగులోని కొన్ని సూక్ష్మజీవులు దాన్ని ఇండోల్ జాతి పదార్థాలుగా మారుస్తాయి. క్యాబేజీ కుటుంబం కూరగాయల్లో గ్లూకోబ్రాసిసిన్ అనే పదార్థం ఉంటుంది. ఆకును కోసినా నమిలినా అది విరిగి ఇండోల్-3-కార్బినాల్ వస్తుంది. కడుపులోని ఆమ్లం తగిలితే దాని నుంచి ఏహెచ్ఆర్‌కు గట్టిగా అతుక్కునే పదార్థాలు తయారవుతాయి. 2011లో ‘సెల్’ పత్రికలో వచ్చిన వారి పత్రం ఈ రెండు చివరలనూ కలిపింది. మొక్కల నుంచి వచ్చే ఈ పదార్థాలు లేని కృత్రిమ ఆహారం పెట్టిన ఎలుకలలో పేగు పొర మధ్య ఉండే లింఫోసైట్లు అనే రక్షణ కణాలు కొన్ని వారాల్లోనే తగ్గిపోయాయి. ఇండోల్-3-కార్బినాల్ కలిపి పెడితే నిలబడ్డాయి. కడుపు నిండా తిండి ఉంది, పోషకాలూ ఉన్నాయి, అయినా పేగు రక్షణ సన్నగిల్లింది. అదే ఏడాది మరొక బృందం ‘సైన్స్’ పత్రికలో, పేగులో లింఫ్ కణజాలపు చిన్న చిన్న గుంపులు ఏర్పడటానికీ ఈ గ్రాహకం కావాలని చూపింది.

తిండిలో ఏముందో గమనించి రక్షణ కణాలను నిలబెట్టడం. సంపెంగా, నీ తాళం చేసే పని అది.

శ్రీహరిపురం గృహిణి

నాకు సైన్సు పెద్దగా తెలియదు. కాని చదువుతుంటే ఒక ప్రశ్న వచ్చింది, నవ్వకండి. ఆవాలు కూడా క్యాబేజీ కుటుంబమే కదా? మనం ఏడాది పొడవునా ఆవకాయ తింటాం, పనస పొట్టు కూరలోనూ అరటికాయ కూరలోనూ ఆవ పెడతాం. అది సరిపోతుందా? క్యాబేజీని ఎలా వండాలి? మా ఇంట్లో పిల్లలకు మెత్తగా ఉడికితేనే ఇష్టం.

రసాయనం

నవ్వడం ఎందుకమ్మా, చాలా మంచి ప్రశ్న. కుటుంబం ఒకటే, కాని పదార్థం వేరు. ఆవగింజలో ప్రధానంగా ఉండేది సినిగ్రిన్. ముక్కుకు ఎక్కే ఘాటు దాని నుంచి వస్తుంది. మనం మాట్లాడుకుంటున్న ఇండోల్ రకం గింజలో తక్కువ, ఆకుల్లో ఎక్కువ. మునగాకులోనూ ఈ జాతికి దగ్గరి పదార్థాలు ఉన్నాయి గాని అవీ ఇండోల్ రకం కావు. కాబట్టి ఆవకాయను దీనికి లెక్కలోకి తీసుకోకండి.

వండటం గురించి: ఈ పదార్థాన్ని విడగొట్టే ఎంజైమ్ క్యాబేజీలోనే ఉంటుంది, వేడికి అది దెబ్బతింటుంది. నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే అసలు పదార్థంలోనూ కొంత పోతుంది. సన్నగా తరిగి కాసేపు అలాగే ఉంచి, తక్కువ నీళ్లతో మూత పెట్టి మగ్గించండి. క్యాబేజీ పెసరపప్పు కూర అలా చేసుకుంటే చక్కగా ఉంటుంది. పిల్లలకూ నచ్చవచ్చు.

కడుపు డాక్టర్ (మహారాణిపేట)

చర్చ వంటింటికి చేరింది కాబట్టి నేను మాట్లాడాలి. పెద్దపేగు పూత (అల్సరేటివ్ కొలైటిస్), క్రోన్స్ వ్యాధి వంటి దీర్ఘకాలిక పేగు వాపు జబ్బులు ఉన్నవారిని రోజూ చూస్తాను. పైన చెప్పిన ఫలితాలు ఎలుకలవి. కృత్రిమ ఆహారం తిన్న ఎలుకకు, కూరా పులుసూ తినే మనిషికి తేడా ఉంది. దయచేసి ఎవరూ క్యాబేజీ తింటున్నామని మందులు ఆపవద్దు. పేగు సన్నబడి ఇరుకైన క్రోన్స్ రోగులకు పీచు ఎక్కువైన కూరలు ఇబ్బంది పెడతాయి కూడా. ఇండోల్ పేరుతో అమ్మే మాత్రలు కొనకండి.

ఒక ఉదాహరణ చెబుతాను. నీలిమందు ఆకుల నుంచి తీసే పొడిని చైనా వైద్యంలో వాడతారు. దానిలో ఏహెచ్ఆర్‌ను మేల్కొలిపే పదార్థాలు ఉన్నాయి. జపాన్‌లో పెద్దపేగు పూత ఉన్నవారికి ఇచ్చి చూస్తే చాలామందికి మేలు చేసింది, 2018లో ఆ ఫలితాలు వచ్చాయి. కాని దాన్ని వాడినవారిలో కొందరికి ఊపిరితిత్తుల ధమనుల్లో రక్తపోటు పెరిగింది. అది ప్రాణాంతకమైన సమస్య. ఆ పొడి విషయంలో అక్కడి ప్రభుత్వం 2016లోనే హెచ్చరించింది. మేలు చేసే గ్రాహకమే కదా అని విడవకుండా తట్టి లేపితే ఏమవుతుందో ఇది చెబుతుంది. చర్మం మీద మాత్రం ఇదే గ్రాహకం ద్వారా పనిచేసే టాపినరోఫ్ అనే లేపనాన్ని సోరియాసిస్‌కు అమెరికాలో 2022లో అనుమతించారు. పరిశోధన మందుగా మారే దారి ఉంది, అది నెమ్మదిగా, పరీక్షల మీదుగా సాగే దారి.

పాతనగరం

అందరి మాటలూ శ్రద్ధగా చదివాను. నాకు కోపం వస్తోంది, దాచుకోను. మా వీధిలో పొద్దున్న తుడిచిన కిటికీ గట్టు సాయంత్రానికి నల్లగా ఉంటుంది. ఈ ఊరికి ఒక పక్క యారాడ కొండ, మరో పక్క కైలాసగిరి. మధ్యలో పల్లం. చలికాలం ఉదయాల్లో పొగ పైకి లేవక ఊరి మీదే పరుచుకుంటుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో కర్మాగారం నుంచి వెలువడిన స్టైరీన్ అనే రసాయనపు ఆవిరికి 12 మంది చనిపోయారు. అటువంటి ఊరిలో కూర్చుని క్యాబేజీ ఎలా మగ్గించాలో మాట్లాడుకుంటే, గాలిని పాడు చేసినవారి బాధ్యత మా ఇళ్ల ఆడవాళ్ల మీద పడుతుంది. ఈ శాస్త్రం మాకు చెప్పేది ఇంతేనా?

శ్రీహరిపురం గృహిణి

అన్నయ్యా, మీ మాట నిజం. మా ఇంటి డాబా మీదా అంతే. అయినా పిల్లలకు ఏమి పెట్టాలో తెలుసుకోవడం తప్పు కాదు కదా. రెండూ అడుగుదాం.

ఎర్రదిబ్బలు

పాతనగరం గారూ, మీ కోపంతో నేను ఏకీభవిస్తున్నాను. స్టాకింగర్ పనిని చివరి వరకూ చదివితే అది మీ పక్షానే నిలుస్తుంది. అది ఎలాగో చెబుతాను.

ఏహెచ్ఆర్ మేల్కొన్నప్పుడు సీవైపీ1ఏ1 అనే ఎంజైమ్‌ను తయారు చేయిస్తుంది. తనను మేల్కొలిపిన పదార్థాన్ని విరగ్గొట్టేది ఆ ఎంజైమే. దానితో సంకేతం ఆగిపోతుంది. 2017లో ఆమె బృందం ఆ ఎంజైమ్ ఎల్లప్పుడూ పనిచేస్తూనే ఉండే ఎలుకలను తయారు చేసింది. వాటి పేగు పొరలోనే ఆహారపు సంకేతాలన్నీ విరిగిపోయి, లోపలి రక్షణ కణాలకు ఏమీ అందలేదు. గ్రాహకం ఉన్నా లేనట్టే అయింది. పేగు అంటువ్యాధికి ఆ ఎలుకలు తట్టుకోలేకపోయాయి. ఆహారంలో ఇండోల్ పదార్థాన్ని పెంచితే కోలుకున్నాయి. 2018లో మరొక పత్రం. పేగు పొరలోని మూలకణాలకు ఏహెచ్ఆర్ లేకపోతే, గాయం తర్వాత అవి ఎక్కడ ఆగాలో తెలియక పెరుగుతూ పోయి కణితులకు దారితీశాయి.

కాబట్టి సంకేతం రావాలి, పని చేయాలి, ఆగిపోవాలి. క్యాబేజీ నుంచి వచ్చేది అలా వచ్చి పోతుంది. డయాక్సిన్‌ను ఆ ఎంజైమ్ సులభంగా విరగ్గొట్టలేదు. అందులో అత్యంత విషపూరితమైన రకం మనిషి కొవ్వులో సగానికి తగ్గడానికే ఏడు నుంచి పదకొండేళ్లు పడుతుంది. అది ఉన్నన్నాళ్లూ గ్రాహకాన్ని వదలదు. ఒకసారి శరీరంలో చేరాక ఏ కూరా దాన్ని కడిగివేయలేదు. లోపలికి రానివ్వకపోవడం ఒక్కటే మార్గం, ఆ పని వంటింట్లో జరిగేది కాదు. పరిశ్రమ దగ్గర, చెత్తకుప్ప దగ్గర, అనుమతులిచ్చే కార్యాలయంలో జరగాలి. తిండి గురించి చెప్పేవారు ఈ మాట కూడా చెప్పకపోతే అది సగం శాస్త్రమే అవుతుంది.

రసాయనం

దీనికి రెండు విషయాలు చేరుస్తాను.

వెంకటాపురంలో వెలువడిన స్టైరీన్ స్వభావం వేరు. అది శరీరంలో త్వరగానే మారిపోయి మాండెలిక్ ఆమ్లం వంటి రూపాల్లో మూత్రంలో పోతుంది. ఆ రాత్రి ప్రాణాలు తీసింది దాని మోతాదు. డయాక్సిన్ కొద్దికొద్దిగా చేరి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. రెండింటినీ ఒకే కొలతతో చూస్తే పొరబాటు పడతాం.

రెండవది, డయాక్సిన్‌ను ఎవరూ కావాలని తయారు చేయరు. క్లోరిన్ ఉన్న పదార్థాలు సరిగా మండనప్పుడు అది పుడుతుంది. పీవీసీ గొట్టాల ముక్కలు, తీగల తొడుగులు కలిసిన చెత్తను వీధి చివర తగలబెడితే చాలు. బూడిద నేల మీద పడుతుంది, అక్కడ గింజలు ఏరుకునే కోడి తింటుంది, గుడ్డు పచ్చసొనలోని కొవ్వులో చేరుతుంది. మనిషికి అందే డయాక్సిన్‌లో 90 శాతానికి పైగా ఆహారం ద్వారానే వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, ముఖ్యంగా మాంసం, పాలు, చేపల ద్వారా. మీ వీధిలో చెత్త తగలబెడుతుంటే ఫిర్యాదు చేయండి, అది చిన్న విషయం కాదు.

పాతనగరం

ఇప్పుడు అర్థమైంది, ధన్యవాదాలు. మరి మా కిటికీల మీద పడే బొగ్గు దుమ్ము సంగతి? అది ఊపిరితిత్తులకే కదా?

కడుపు డాక్టర్

అంతటితో ఆగదు. పెద్ద రేణువులు ముక్కులో, గొంతులో చిక్కుకుంటాయి. శ్వాసనాళాల్లో చిక్కినవాటిని అక్కడి సన్నని నూగు కఫంతో పాటు పైకి తోస్తుంది. ఆ కఫాన్ని మనం తెలియకుండానే మింగేస్తాం. అంటే పీల్చిన దుమ్ములో గణనీయమైన భాగం చివరికి పేగులోకే చేరుతుంది. డీజిలు పొగ, బొగ్గు పొగ రేణువులకు బెంజోపైరీన్ వంటివి అంటుకుని ఉంటాయి. అదీ ఏహెచ్ఆర్‌కు అతుక్కునేదే. దాన్ని విరగ్గొట్టే క్రమంలో డీఎన్‌ఏను దెబ్బతీసే రూపాలు పుడతాయి. క్యాన్సర్ కారకాల్లో మొదటి వర్గంలో ఉంది.

రైన్ ఒడ్డు (ప్రస్తుతం జర్మనీ, సొంతూరు పెందుర్తి)

మాస్టారి పరిచయం బాగుంది. ఒక్క చోట విభేదిస్తాను. స్టాకింగర్ గారిని కాలుష్య శాస్త్రవేత్తగా చూపితే ఆమె పని కుదించినట్టవుతుంది. ఆమె వెంట వెళ్లింది గ్రాహకాన్ని, విషాన్ని కాదు. 2008లో అదే సంచికలో బోస్టన్ బృందం ప్రచురించిన పత్రాన్ని కూడా చదవాలి. డయాక్సిన్ ఇస్తే రోగనిరోధక స్పందనను అణిచే కణాలు పెరిగాయనీ, ట్రిప్టోఫాన్ నుంచి వచ్చే పదార్థం ఇస్తే టీహెచ్17 పెరిగాయనీ వారు చూపారు. ఒకే గ్రాహకం, అతుక్కునే పదార్థాన్ని బట్టి వేరు ఫలితం. మోతాదు, కాలం, కణం రకం అన్నీ తేడా చేస్తాయని తర్వాత తేలింది. ‘డయాక్సిన్ చెడు, ఇండోల్ మంచి’ అనే రెండు ముక్కల్లో ఇది ఇమడదు.

ఇంకొక మాట. మన దేశంలో పేగు రోగనిరోధక శక్తి అంటే నాకు ముందుగా వేలూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ గుర్తుకు వస్తుంది. గగన్‌దీప్ కాంగ్ గారు అక్కడ, పిల్లలకు విరేచనాలు తెచ్చే రోటావైరస్ మీద, పేద పిల్లల పేగు మీద దశాబ్దాలుగా పనిచేశారు. 2019లో రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికైన మొదటి భారతీయ మహిళ ఆమే. కలుషితమైన నీళ్లు తాగుతూ పెరిగే పిల్లలకు పేగు పొర నిరంతరం వాచి, వేళ్లలాంటి మొలకలు పొట్టివైపోతాయి. నోటి ద్వారా ఇచ్చే టీకాలు అటువంటి పిల్లల్లో తక్కువగా పనిచేస్తాయి. 2016లో రోటావైరస్ టీకాను ప్రభుత్వ కార్యక్రమంలో మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. కొళాయి నీళ్లలో మురుగు కలవడం కూడా పేగుకు సోకే కాలుష్యమే. రసాయనాల గురించి మాట్లాడేటప్పుడు దాన్ని మరచిపోకూడదు.

ఎర్రదిబ్బలు

బాబూ, మీరు చెప్పినది ఒప్పుకుంటాను. గ్రాహకాన్ని వెంబడించినందువల్లే ఆమె ఇంత దూరం వచ్చారు. నీటి మాట తెచ్చినందుకు ప్రత్యేకంగా సంతోషం. భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారు అన్నదమ్ములను పోగొట్టుకున్నది, తానూ బాధపడ్డది పేగును పీల్చివేసే స్ప్రూ వ్యాధితోనే. ఆయన బృందం తర్వాత అమెరికాలోని లెడర్లీ మందుల సంస్థలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసి ఆ వ్యాధికి మందు అందించింది.

సంపెంగ

ఇది చదివాక నిద్ర పట్టలేదు. నాకు ఇదే చేయాలని ఉంది. మా దగ్గర జన్యువులు మార్చిన ఎలుకలు లేవు, పెద్ద నిధులు లేవు. విశాఖలోనే ఉండి, ఈ ఊరి మనుషుల కోసం మొదలుపెట్టగలిగే పని ఏదైనా ఉందా?

కడుపు డాక్టర్

ఉంది. ఎలుకలు లేకుండానే రెండు విషయాలు కొలవవచ్చు. మూత్రంలో 1-హైడ్రాక్సీపైరీన్ కొలిస్తే గత ఒకటి రెండు రోజుల్లో పొగ, తారు జాతి పదార్థాలు ఎంత లోపలికి వెళ్లాయో అంచనా దొరుకుతుంది. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ కొలిస్తే పేగులో వాపు ఉందో లేదో తెలుస్తుంది. రెండింటికీ సూది గుచ్చనక్కర లేదు. పరిశ్రమల పక్కనున్న ఒక ప్రాంతం, దూరంగా ఉన్న మరొక ప్రాంతం తీసుకుని పోల్చవచ్చు. ముందుగా నైతిక కమిటీ అనుమతి తీసుకోవాలి, పాల్గొనేవారికి తెలుగులో అర్థమయ్యే సమ్మతి పత్రం రాయాలి. ఒకసారి కొలిచి కారణం తేల్చలేం, రుతువులు మారేటప్పుడు మళ్లీ కొలవాలి. ఎవరికైనా కాల్‌ప్రొటెక్టిన్ ఎక్కువగా వస్తే వారిని ఆసుపత్రికి పంపే ఏర్పాటు మొదటి రోజు నుంచే ఉండాలి.

రైన్ ఒడ్డు

ప్రశ్నావళి జాగ్రత్త. కట్టెల పొయ్యి, పొగతాగడం, ఎండుచేపలు కాల్చుకు తినడం, ఇటీవల వాడిన యాంటీబయాటిక్స్, నొప్పి మాత్రలు, ఇవన్నీ అడగాలి. నొప్పి మాత్రలు ఒక్కటే చాలు కాల్‌ప్రొటెక్టిన్ పెరగడానికి.

కడుపు డాక్టర్

పొగతాగడం గురించి అడిగేటప్పుడు ‘సిగరెట్టు తాగుతారా’ అని అడిగితే మన తీరంలో సగం సమాచారం జారిపోతుంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్లకు అడ్డపొగ అలవాటు ఉంది. చుట్ట మండే కొనను నోట్లో పెట్టుకుని తాగుతారు. అంగుడి క్యాన్సర్‌కూ దీనికీ ఉన్న సంబంధాన్ని ఈ ప్రాంతంలోనే దశాబ్దాల కిందట అధ్యయనం చేశారు. పొగా బూడిదా నోట్లోనే ఉండి లాలాజలంతో కడుపులోకి వెళ్తాయి. ఆ సంగతి అడగకుండా ఒక మత్స్యకార పల్లెలో పైరీన్ ఎక్కువ కనిపించిందని నింద అంతా ఫ్యాక్టరీ మీద వేస్తే, రేపు ఎవరో ఒకరు ఆ ఒక్క లోపం చూపి మొత్తం అధ్యయనాన్నే పక్కన పెట్టేస్తారు.

సంపెంగ

రాసుకున్నాను సార్. మా అమ్మమ్మ తరం వాళ్లు పరాయివాళ్ల ముందు, ముఖ్యంగా మగవాళ్ల ముందు అడ్డపొగ సంగతి చెప్పరు. ఆ ప్రశ్న అడిగేందుకు పల్లెలోని ఆశా కార్యకర్తలను వెంట తీసుకువెళ్తాను. సమ్మతి పత్రం ముసాయిదా తయారయ్యాక ఇక్కడే పెడతాను. శ్రీహరిపురం అమ్మగారూ, మీరు చదివి ఎక్కడ అర్థం కాలేదో చెప్పాలి.

శ్రీహరిపురం గృహిణి

తప్పకుండా తల్లీ. అక్షరాలు కొంచెం పెద్దవిగా పెట్టు. మా వీధిలో ఎవరెవరు ఒప్పుకుంటారో నేను ఈలోపు అడిగి ఉంచుతాను.